స్టెప్నీ లేని బండి

మా మామ ముప్పై ఏళ్లు ఆర్టీసీలో స్టీరింగు పట్టినారు. అందులో సగానికి పైగా అలిపిరి నుంచి తిరుమలకు, తిరుమల నుంచి అలిపిరికి. రిటైరై తొమ్మిదేళ్లయినా ఎవరి బండి ఎక్కాలన్నా ముందు నాలుగు టైర్ల చుట్టూ ఒక ప్రదక్షిణ చేస్తారు, గుళ్లో చేసేదానికంటే శ్రద్ధగా. 2021లో మేము బెంగళూరులో ఒక సెకండ్ హ్యాండ్ జర్మన్ కారు కొని ఇంటి ముందు నిలబెట్టినప్పుడు కూడా అదే పని చేసినారు. ఆ తర్వాత డిక్కీ తెరిచి, కార్పెట్టు ఎత్తి చూసి అడిగినారు.

"ఏమ్మా, స్టెప్నీ యాడ?"

"దీనికి ఉండదు మామా. రన్ ఫ్లాట్ టైర్లు. పంచరైనా 80 కిలోమీటర్లు పోతుంది."

ఆయన డిక్కీలోకి ఇంకోసారి చూసినారు. "పోయినాక?"

నేను నవ్వేసినాను. ఆ ప్రశ్నకు జవాబు 2024 జూన్‌లో పూతలపట్టు దాటినాక ఒక చింతచెట్టు కింద దొరికింది.

ఇంట్లో కారు నడిపేది నేనే. మా ఆయన పక్క సీట్లో కూర్చుని, లేని బ్రేకును తొక్కుతూ ఉంటాడు. ఆ ఆదివారం పలమనేరులో మా ఆడబిడ్డ గృహప్రవేశం ముగించుకుని తిరుపతికి బయల్దేరినాం. బండిలో ఐదుగురం: మేమిద్దరం, అత్త, మామ, పదో తరగతికి వచ్చిన మా పాప. డిక్కీలో ఆడబిడ్డ కట్టిచ్చిన చెనక్కాయల మూట, వంటకు తీసుకుపోయిన రెండు పెద్ద గుండిగలు, ఐదుగురి బట్టలు. పుట్టింటి వాళ్లను ఖాళీ చేతులతో పంపడం మా ఆడబిడ్డకు తెలీదు.

మొగిలి ఘాట్ దిగుతుంటే డ్యాష్‌బోర్డులో పసుపు దీపం వెలిగింది. గుర్రపు లాడం లాంటి బొమ్మ, దాని మధ్యలో ఆశ్చర్యార్థకం. టైరు గాలి హెచ్చరిక. బండి నడకలో మాత్రం ఏ తేడా లేదు. ఇటు లాగలేదు, అటు ఊగలేదు. మలుపులు దాటి కొంచెం వెడల్పున్న చోట ఓరగా ఆపినాను.

అందరం దిగి చూసినాం. నాలుగు టైర్లూ నిలబడే ఉన్నాయి. వెనక ఎడమది ఒక వెంట్రుకవాసి దిగినట్టు అనిపించింది కానీ, డిక్కీలో బరువుంది కదా అని మా ఆయన, అవును కదా అని నేను. మామ రాడ్డు అడిగినారు. లారీల వాళ్లు, బస్సుల వాళ్లు టైరును రాడ్డుతో కొట్టి శబ్దాన్ని బట్టి గాలి చెబుతారు. మా కారులో రాడ్డూ లేదు, జాకీ కూడా లేదు. ఆయన చెప్పు తీసి దాని మడమతో కొట్టి చూసినారు. "గట్టిగానే ఉండాదే" అన్నారు, తన మాట మీద తనకే నమ్మకం లేనట్టు.

ముప్పై ఏళ్ల చెవి కూడా అక్కడ మోసపోయింది. ఎందుకో తర్వాత తెలిసింది. మామూలు టైరులో బరువు మోసేది గాలి. పక్క గోడ పల్చగా ఉంటుంది, గాలి పోతే నలిగి నేలకు కరుచుకుంటుంది. చిన్నపిల్లాడైనా చూసి చెప్పేస్తాడు. రన్ ఫ్లాట్ టైరుకు పక్క గోడ లోపల దళసరి రబ్బరు అదనంగా పోసి ఉంటారు. గాలి మొత్తం పోయినా ఆ గోడే బండిని ఎత్తి పట్టుకుంటుంది. అందుకే చూపుకు తెలీదు, చెప్పు దెబ్బకూ తెలీదు. తెలిపేది ఆ పసుపు దీపం ఒక్కటే. అందుకే ఈ టైర్లున్న కార్లకు ఆ దీపం తప్పకుండా పెడతారు.

ఆ ఒక్కదాన్నీ నేను ఆర్పేసినాను.

రెండు నెలల ముందు కూడా ఆ దీపం వెలిగి ఉండింది. పెట్రోలు బంకులో గాలి పట్టించిన మర్నాడు. సర్వీసు వాళ్లకు ఫోన్ చేస్తే, గాలి పట్టించినాక రీసెట్ చేయాలి మేడం, మెనూలోకి పోయి నొక్కేయండి అన్నారు. నొక్కినాను, పోయింది. ఆ రోజు అది సరైన సలహానే. అయితే నా బుర్రలో మాత్రం దీపం వెలిగితే రీసెట్ నొక్కాలి అని అచ్చు పడిపోయింది. మొగిలి ఘాట్‌లో అదే చేసినాను.

ఆ రీసెట్ ఏం చేస్తుందో చెప్పాలి, ఎందుకంటే నాలాగా నొక్కేవాళ్లు చాలామంది ఉంటారని నా అనుమానం. కొన్ని కార్లలో టైరు లోపలే సెన్సరు ఉండి గాలి ఎంతుందో అంకెల్లో చెబుతుంది. మాది అట్లాంటిది కాదు. గాలి తగ్గిన చక్రం కొంచెం చిన్నదవుతుంది, చిన్న చక్రం మిగతావాటికంటే ఎక్కువ చుట్లు తిరగాలి. బ్రేకుల ఏబీఎస్ కోసం చక్రాల దగ్గరున్న సెన్సర్లు ఆ చుట్లు లెక్కపెట్టి, తేడా వస్తే దీపం వెలిగిస్తాయి. రీసెట్ నొక్కడమంటే "ఇప్పుడున్న స్థితే సరైన స్థితి, దీన్నే గుర్తుపెట్టుకో" అని బండికి చెప్పడం. గాలిపోయిన టైరును చూపించి ఇదే ఆరోగ్యం అని నేను నేర్పించినాను. పాపం, అది నమ్మింది.

బంగారుపాళ్యంలో ఆగినాం. జూన్‌లో ఆ దారిన వచ్చి మామిడికాయలు కొనకుండా పోయేవాళ్లు మా ఇంట్లో లేరు. గుజ్జు ఫ్యాక్టరీలకు పోయే తోతాపురి ట్రాక్టర్లు రోడ్డు పక్కన బారులు తీరి ఉన్నాయి. బేనీషా అప్పటికే చివరికి వచ్చింది. అత్త బేరం చేసి మూడు క్రేట్లు తీసుకునింది. రెండు డిక్కీలోకి, ఒకటి వెనక సీట్లో వాళ్ల కాళ్ల దగ్గరకు. ఆ లోపల మామ మళ్లీ ప్రదక్షిణ మొదలుపెట్టినారు. ఈసారి అరచెయ్యి పెట్టి చూసినారు, ఒక్కో టైరూ.

"అమ్మా, ఈ వెనక టైరు సలసల కాగతాండాది. తక్కినవి అంత లేవు."

"ఘాట్ దిగినాం కదా మామా, బ్రేకు వేడి."

"బ్రేకు వేడి ముందర ఎక్కువ ఉంటాదమ్మా, యెనక గాదు."

నేను గడియారం చూసుకున్నాను. మర్నాడు సోమవారం, బ్యాంకులో ఆడిట్. "తిరుపతి పోయినాక చూపిద్దాం మామా" అన్నాను. ఆయన ఇంకేం మాట్లాడకుండా ఎక్కి కూర్చున్నారు. ఇది రాస్తుంటే ఆ మాట దగ్గరే చెయ్యి ఆగుతుంది. ఆయన చెప్పినదానికి నా దగ్గర జవాబు లేదు, తొందర ఉంది. అంతే.

అక్కడి నుంచి చిత్తూరు, చిత్తూరు దాటి తిరుపతి దారి. రోడ్డు బాగుంది, నేను 100 మీద పోనిచ్చినాను. ముందు టైరు అయ్యుంటే స్టీరింగు బరువెక్కి చేతులకు తెలిసేదేమో. వెనక టైరు కాబట్టి అదీ లేదు. కాణిపాకం అడ్డరోడ్డు దగ్గర అత్త చేతులు జోడించి దండం పెట్టుకుని, "యాడో రబ్బరు కాల్చతాండారే" అంది. ఏసీ లోపలికి మేమూ వాసన చూసినాం. బయట ఎవరో కేబుళ్లు కాలుస్తున్నారు అన్నాడు మా ఆయన. ఐదు నిమిషాల తర్వాత కూడా ఆ వాసన మాతోనే వస్తోంది.

పూతలపట్టు దాటినాక బండి తోక ఊగింది. ఎడ్లబండి మీద పోతుంటే నడుముకు తెలుస్తుందే, అట్లా. తర్వాత దబదబమని శబ్దం. వెనక నుంచి మామ గొంతు, కొండ బస్సు నడిపిన గొంతు: "బ్రేకు కొట్టొద్దు. యాక్సిలేటరు ఇడ్సు. స్టీరింగు నేరుగా పట్టుకో. అట్నే పోనీ... పోనీ... ఇప్పుడు నిదానంగా ఎడమకు." అట్నే చేసినాను. చింతచెట్టు నీడలో బండి ఆగింది. నా కాళ్లు మాత్రం ఆగలేదు, వణుకుతానే ఉన్నాయి.

టైరు పక్క గోడ జానెడు పొడవున చీలి ఉంది. చీలిక అంచుల్లో దారాలు బయటికి వచ్చి ఉన్నాయి. దగ్గరకు పోతే మొహానికి వేడి కొట్టింది. ఓడోమీటరు చూస్తే, ఘాట్‌లో ఆపిన చోటు నుంచి 58 కిలోమీటర్లు. పాప ఫోటోలు తీసింది కాబట్టి తెలిసింది, లేకుంటే నేను ఏ అంకే గుర్తుపెట్టుకునే స్థితిలో లేను.

80 అని కదా చెప్పినారు? అక్కడే కూర్చుని మాన్యువల్ తీసి చదివినాను, కొన్న మూడేళ్లకు మొదటిసారి. సగటు బరువుతో అయితే సుమారు 80 కిలోమీటర్లు, అదీ గంటకు 80కి మించకుండా, అని ఉంది. మాది సగటు బరువా? ఐదుగురు, మూట, గుండిగలు, మూడు క్రేట్ల మామిడి. వేగమా? చెప్పినాను కదా. ఆ సైజు చక్రం కిలోమీటరుకు దగ్గర దగ్గర 485 చుట్లు తిరుగుతుంది. 58 కిలోమీటర్లకు 28 వేల చుట్లు. ఘాట్‌లోనే గాలి దిగిపోయి ఉంటే, చుట్టు చుట్టుకూ ఆ దళసరి గోడ, ఇనుప తీగను విరిచేందుకు అటూ ఇటూ వంచినట్టు, ఒకసారి వంగి ఒకసారి లేవాలి. వంగిన ప్రతిసారీ వేడి. మామ అరచేతికి తగిలింది ఆ వేడే.

పూతలపట్టు పంచర్ అంగడి నుంచి ఒక అబ్బాయి ఎక్సెల్ మీద జాకీ కట్టుకుని వచ్చినాడు.

"అక్కా, స్టెప్నీ తీయండి."

"లేదు నాయనా."

"ఇంట్లో పెట్టి వచ్చినారా?"

"కాదు, కంపెనీయే ఇవ్వలేదు."

"అట్లెట్ల ఇయ్యరక్కా, ఇంత కారు అమ్మి!"

చక్రం ఊడదీసేదానికే ముప్పావు గంట పట్టింది. ఐదు బోల్టుల్లో ఒకటి దొంగలు విప్పకుండా తాళం బోల్టు. దాన్ని విప్పే బిళ్ల డిక్కీ అడుగున సంచిలో ఉంటుంది, డిక్కీ మీద మామిడికాయలు, వాటి కింద చెనక్కాయలు. మొత్తం రోడ్డు పక్కన దించినాం. చూసేవాళ్లకు అంగడి పెట్టినట్టు ఉండిందేమో, ఒకాయన బైకు ఆపి కిలో ఎంత అని అడిగినాడు. అత్త ధర చెప్పబోయింది కూడా.

అబ్బాయి ఆశ ట్యూబు వేసి పంపిద్దామని. చీలిక చూసి, పక్క గోడను బొటనవేలితో నొక్కి చూసి, టైరు ఊడదీసే పార పక్కన పెట్టేసినాడు. "ఇది నా పారకు రాదక్కా. గోడ మొద్దు మాదిరి ఉండాది. బలవంతం చేస్తే అల్లాయ్ వీలు పగల్తాది." ఆ ఒప్పుకోలుకు నేను ఆయనకు రుణపడి ఉన్నాను. తెలీని పని తెలుసని చేసేవాళ్లను చాలామందిని చూసినాను. చక్రాన్ని మళ్లీ బిగించి, కూలి 200 అడిగినాడు, డజను మామిడికాయలు కలిపి ఇచ్చినాం.

కంపెనీ హెల్ప్‌లైన్ వాళ్లు మూడు గంటలు అన్నారు. చిత్తూరు నుంచి ఒక రికవరీ వ్యాను 5,500కు ఒప్పుకుని గంటంపావులో వస్తానన్నాడు. ఆ లోపల మామ రోడ్డు మీదికి పోయి చెయ్యి ఎత్తినారు. చిత్తూరు నుంచి తిరుపతి పోయే బస్సు ఆగింది. అక్కడ స్టాపు లేదు. ఎందుకు ఆపినాడో, ఆ చెయ్యి ఎత్తడంలో డ్రైవర్లకు మాత్రమే తెలిసేది ఏదో ఉంటుందేమో. అత్తను, పాపను, రెండు క్రేట్లను ఎక్కించుకుని ఆయన పోయినారు. పోతూ ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

వ్యాను కోసం కాచుకుంటూ ఫోన్‌లో రన్ ఫ్లాట్ల గురించి చదవబోయి స్టెప్నీ దగ్గర చిక్కుకున్నాను. 1904 ప్రాంతంలో వేల్స్‌లోని లనెల్లీ అనే ఊరిలో, స్టెప్నీ స్ట్రీట్‌లో వ్యాపారం చేసే అన్నదమ్ములు కార్లకు అదనపు చక్రం తయారుచేసి అమ్మినారు. దానికి వీధి పేరే పెట్టినారు. ఇంగ్లీషు వాళ్లు ఆ మాట ఎప్పుడో మర్చిపోయి స్పేర్ వీల్ అంటున్నారు. ఎక్కడో ఉన్న ఒక వీధి పేరు మా మామ నోట్లో, పూతలపట్టు పంచర్ అబ్బాయి నోట్లో బతికి ఉంది. పేరు ఉంది, వస్తువే మా డిక్కీలో లేదు. మన దగ్గర 2020లో రూలు కూడా మార్చినారు. 3.5 టన్నుల లోపు వాహనానికి ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి హెచ్చరిక ఏర్పాటు, పంచర్ రిపేరు కిట్టు ఉంటే స్టెప్నీ అక్కర్లేదు. మా బండి పాతది కాబట్టి ఆ కిట్టు కూడా లేదు.

సోమవారం ఆడిట్‌కు పోలేదు. మేనేజరుకు ఫోన్‌లో నిజం చెప్పినాను, నమ్మలేదు.

తిరుపతిలో రేణిగుంట రోడ్డులో పెద్ద మిషను ఉన్న అంగడికి చక్రం పట్టుకుపోయినాం. ఇద్దరు మనుషులు, ఒక మిషను కలిస్తే టైరు ఊడింది. అంగడాయన దాన్ని తిరగేసి నేల మీద తట్టినాడు. లోపల నుంచి నల్లటి పొడి రాలింది. మిరియాలు కచ్చాపచ్చాగా దంచినట్టు, రెండు గుప్పెళ్లు. "లోపలి గోడ మేడం ఇది. గాలి లేకుండా తోలినారు కదా, గోడకు గోడ రాసుకుని పొడి అయిపోతాది. చీలిక లేకపోయినా ఈ పొడి కనబడితే ఆ టైరు ఇంక రిపేరుకు పనికిరాదు." తొక్కుడు భాగం మధ్యలో ఒకటిన్నర అంగుళం మేకు ఇంకా గుచ్చుకునే ఉంది. దాన్ని చూస్తే చాలా చిన్నదిగా అనిపించింది. గాలి కొంచెమన్నా ఉన్నప్పుడే ఆపుంటే లోపలి నుంచి ప్యాచ్ వేసి పంపేవాణ్ణి అన్నాడు. ఆ ఖర్చు ఎంతో అడగలేదు, అడిగి బాధపడటం ఎందుకని.

పక్క గోడ మీద 2318 అని ఉండింది. 2018లో 23వ వారం తయారీ. ఆ ట్రిప్పుకు సరిగ్గా ఆరేళ్లు. అరుగుదల కనబడలేదు కాబట్టి నేను వయసు చూడలేదు.

కొత్త టైరు తిరుపతిలో లేదు. మన జిల్లాలోనే చిన్నపాండూరులో అంత పెద్ద టైర్ల ఫ్యాక్టరీ ఉంది, మా సైజు రన్ ఫ్లాట్ మాత్రం చెన్నై నుంచి రావాలి. రెండు రోజులు. ఒకే ఇరుసు మీద ఒకటి కొత్తది, ఒకటి అరిగింది పెట్టకూడదని రెండు కొనమన్నాడు. 43 వేలు. మామూలు ట్యూబ్‌లెస్ వేసుకుంటే దాదాపు సగానికి వస్తుంది, కానీ అప్పుడు నాలుగూ మార్చాలి, రెండు రకాలు కలపకూడదు, పైగా స్టెప్నీ కొని డిక్కీలో పెట్టుకోవాలి. మా ఆయన అదే చేద్దామన్నాడు. గుంతలో పడితే నడుం పట్టేసే ఈ గట్టి టైర్లంటే ఆయనకు మొదటి నుంచీ పడదు.

నేను ఒప్పుకోలేదు. కొత్తవీ రన్ ఫ్లాట్‌లే వేయించినాను. ఇందులో మొండితనం కొంత ఉంది, కాదనను. కానీ మొగిలి ఘాట్ మలుపుల్లో, వెనక లారీలు తరుముతుంటే, ఐదుగురితో పోతున్న బండి టైరులో గాలి దిగిపోతే బండి ఒక్క జానెడు కూడా పక్కకు పోలేదు. మామూలు టైరు అయ్యుంటే ఆ మలుపులోనే జాకీ వేయాల్సి వచ్చేది. టైరు చేయాల్సిన పని చేసింది, దీపం చేయాల్సిన పని చేసింది. పని చేయనిది నేను.

ఇప్పుడు డిక్కీలో ప్లగ్గుల కిట్టు, చిన్న కంప్రెసరు, గాలి చూసే గేజి ఉన్నాయి. డ్రైవరు తలుపు పక్కన స్తంభానికి అతికించిన కాగితంలో టైరు గాలి ఎంత ఉండాలో రెండు వరసలు ఉంటాయి, మామూలు బరువుకు ఒకటి, నిండు బరువుకు ఒకటి. మా దాంట్లో నిండు బరువుకు వెనక 38. బంకులో అబ్బాయిలు నాలుగింటికీ 32 కొట్టేస్తారు, ఇన్నాళ్లూ నేనూ సరే అన్నాను. గేజి పెట్టి చూసే పని పాపది. రీసెట్ మెనూ ఎక్కడుందో కూడా ఇప్పుడు దానికే తెలుసు, నన్ను ముట్టనివ్వదు.

మామ మాత్రం ఊరు దాటాలంటే ఆ కారు ఎక్కరు. పోయిన నెల అందరం కాణిపాకం బయల్దేరితే, "మీరు పోండమ్మా, నేను బస్సులో వస్తా" అన్నారు. మేము అక్కడ పార్కింగు కోసం రెండు సుట్లు తిరిగి బండి పెట్టేసరికి ఆయన దర్శనం చేసుకుని, కొబ్బరిచిప్ప చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నారు. మేము దిగక ముందే చిప్ప అత్తకు ఇచ్చి, బండి చుట్టూ తిరిగినారు. ఒక్కో టైరు మీదా అరచెయ్యి పెట్టి, వెనక ఎడమ దాని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగి, "నాలుగూ ఒకే మాదిరి ఉండాయి" అన్నారు.

తిరుగు ప్రయాణంలో కూడా ఆయన బస్సే ఎక్కినారు.